లివ్యాటన్‌ను ఎవరూ ఓడించలేదు

మా ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఏ ఊళ్ళోనైనా గుంటల చేతిలోని ఫోను తీసుకుని చూడండి, ఏదో ఒక రోజు ఈ కథ తగులుతుంది. కోటి ఏళ్ళ కిందట సముద్రంలో లివ్యాటన్ అనే రాక్షస తిమింగలం ఉండేదట. జానెడున్నర పళ్ళట. దానికి సరిజోడు మెగాలొడాన్ అనే సొర. రెండింటికీ భీకర యుద్ధం. సొర గెలిచింది, తిమింగలం అంతరించింది. చివర్లో గొంతు తగ్గించి ఒక అనుమానం కూడా వదులుతారు: ఇప్పటికీ సముద్రం అడుగున ఎక్కడో బతికే ఉందేమో!

పిల్లల సరదా కథకు ఖండన వ్యాసమెందుకని అడగొచ్చు. కథ పిల్లల దగ్గరే ఆగి ఉంటే నేనూ కలం పట్టేవాణ్ణి కాదు. చదువుకున్నవాళ్ళు, సైన్సు మీద అభిమానం ఉన్నవాళ్ళు కూడా దీన్నే కాస్త మర్యాదగా చెబుతున్నారు. బలమైనది నిలిచింది, బలం చాలనిది పోయింది, ప్రకృతి నియమమే అంత అంటున్నారు. వీడియో కన్నా ఈ మర్యాదస్తుల మాటే ఎక్కువ తప్పు. ఎందుకంటే ఈ జంతువు చరిత్ర చెప్పేది దానికి పూర్తిగా ఎదురు.

ముందు చేతిలో ఉన్న సాక్ష్యమెంతో చూద్దాం. 2008 నవంబరులో పెరూ దేశపు దక్షిణ తీరంలో, ఇకా పట్టణానికి సుమారు 35 కిలోమీటర్ల దూరాన, సెర్రో కొలరాడో అనే ఎడారి ప్రాంతంలో ఒక పుర్రె బయటపడింది. కనిపెట్టినవాడు రోటర్‌డామ్ మ్యూజియానికి చెందిన క్లాస్ పోస్ట్. ఒలివియే లాంబేర్, జొవాన్ని బియానూచ్చి తదితరులు దాని వివరాలను 2010 జూలైలో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. పుర్రె పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు. అన్నిటికన్నా పెద్ద పన్ను పొడవు 36 సెంటీమీటర్లు, మందం 12 సెంటీమీటర్లు. ఏనుగు దంతాల లాంటి వాటిని పక్కన పెడితే, కొరకడానికి వాడే పళ్ళలో ఇంతకన్నా పెద్దవి ఏ జంతువుకూ ఇప్పటిదాకా దొరకలేదు. దాని కాలం మొదట కోటీ ఇరవై, కోటీ ముప్ఫై లక్షల ఏళ్ళ మధ్య అన్నారు. తరవాత ఆ రాతి పొరలను మళ్ళీ లెక్కగట్టి 99 లక్షల నుంచి 89 లక్షల ఏళ్ళ మధ్యదని సరిదిద్దారు.

దొరికింది పుర్రె, దవడలు, పళ్ళు. వెన్నుపూస ఒక్కటి లేదు, పక్కటెముక లేదు, ఈతరెక్క లేదు. అందుకే శాస్త్రవేత్తలు ఒంటి పొడవు ఇంత అని తేల్చి చెప్పలేదు, 13.5 మీటర్ల నుంచి 17.5 మీటర్ల దాకా ఉండొచ్చన్నారు. ఇటలీలో దొరికిన జైగోఫైసెటర్ అనే దాని బంధువు కొలతలతో లెక్కిస్తే చిన్న అంకె వస్తుంది, దాని కుటుంబానికే చెందిన నేటి స్పెర్మ్ వేల్ కొలతలతో లెక్కిస్తే పెద్ద అంకె వస్తుంది. అడుగుల్లో చెప్పాలంటే 44 నుంచి 57. వీడియోలవాళ్ళు పెద్ద అంకెను పట్టుకుని, అదీ చాలదన్నట్టు అరవైకి సర్దేశారు. బరువును టన్నులతో సహా చెప్పేవాళ్ళున్నారు. ఒళ్ళు దొరకని జంతువును ఏ కాటాలో తూచారో వాళ్ళే చెప్పాలి.

ఈ రాక్షస ముద్ర పడటంలో శాస్త్రవేత్తల పాపమూ కొంత ఉంది, ఒప్పుకుందాం. బైబిల్లోని సముద్ర భూతం పేరు తెచ్చి దానికి లెవయతన్ అని పెట్టింది వాళ్ళే. ‘మోబీ డిక్’ నవల రాసిన హెర్మన్ మెల్విల్ పేరును జాతి పేరుగా జోడించారు. తీరా చూస్తే లెవయతన్ అన్న పేరు అప్పటికే ఖర్చయిపోయింది. 1841లో ఆల్బర్ట్ కోచ్ అనే ఆయన ఒక మాస్టొడాన్ ఏనుగు ఎముకలకు దాన్ని పెట్టేశాడు. దాంతో మనవాళ్ళు హీబ్రూ ఉచ్చారణకు దగ్గరగా లివ్యాటన్ అని మార్చుకోవాల్సి వచ్చింది. ఈ కోచ్ మహాశయుడి సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. 1845లో న్యూయార్క్‌లో 114 అడుగుల సముద్ర సర్పం అస్థిపంజరమంటూ టికెట్టు పెట్టి ప్రదర్శన నడిపాడు. జనం విరగబడి చూశారు. జెఫ్రీస్ వైమన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు వెళ్ళి పరీక్షిస్తే ఏం తేలింది? అది పాము కాదు, పాలిచ్చే జంతువు. అదీ ఒక్కటి కాదు, బాసిలోసారస్ అనే ప్రాచీన తిమింగలాల ఎముకలు కొన్నింటిని వరసగా గుచ్చి కట్టిన దండ. ఇవాళ ఫోనులో నడుస్తున్న వ్యాపారానికి మూలపురుషుడు ఈయనే. అప్పుడు ఎముకలు అతికించేవారు, ఇప్పుడు బొమ్మలు అతికిస్తున్నారు.

ఇక యుద్ధం మాటకొద్దాం. సొరల అస్థిపంజరం మృదులాస్థితో ఉంటుంది, రాయిగా మారి నిలవడం అరుదు. అందుచేత మెగాలొడాన్ గురించి మనకు తెలిసినదంతా పళ్ళ నుంచి, కొద్దిపాటి వెన్నుపూసల నుంచి తెలిసిందే. అంటే ఇక్కడ కుస్తీ పెట్టించింది మొండెం లేని తలకూ తల లేని పళ్ళకూ. 2008లో అమెరికా టీవీలో వచ్చిన ‘జురాసిక్ ఫైట్ క్లబ్’ అనే కార్యక్రమం ఈ తరహా తిమింగలాన్నీ మెగాలొడాన్‌నూ ఒకసారి బరిలోకి దింపింది. అందులో చూపించింది జపాన్‌లోని నగానో ప్రాంతంలో 1988లో దొరికిన బ్రిగ్మోఫైసెటర్‌ను. అసలు శిలాజం ఏడు మీటర్లకు మించదు. టీవీకి కావలసింది పోరు. పోరుకు కావలసింది సమ ఉజ్జీ. ఉజ్జీ కుదరకపోతే కుదిర్చారు.

సాక్ష్యమే లేదా అంటే, పంటి గాట్లు ఉన్నాయి. ఎదుటి పక్షం ఎప్పుడూ చూపే ఉదాహరణ అమెరికాలోని నార్త్ కరోలినాలో అరోరా గనిలో దొరికిన ఒక పన్ను. పన్ను స్పెర్మ్ వేల్‌ది, దాని మీద గాట్లు పెద్ద సొరవి. మేరీలాండ్‌లోని కాల్వర్ట్ మ్యూజియం శాస్త్రవేత్త స్టీఫెన్ గాడ్‌ఫ్రే బృందం 2021లో దాన్ని ప్రచురించగానే ఇదిగో యుద్ధానికి రుజువన్నారు. ఆ పన్ను గల తిమింగలం పొడవెంత? నాలుగు మీటర్ల అంచనా. లివ్యాటన్ పక్కన అది పిల్లకాయ. పైగా కరిచే వేళకు ఆ తిమింగలం ప్రాణంతో ఉందో, చచ్చి తేలుతోందో ఆ గాటు చెప్పలేదు.

పెరూ ఎడారిలో దొరికిన సాక్ష్యం ఇంకా ఆసక్తికరం. అక్కడి స్పెర్మ్ వేల్ పుర్రెల మీద సొర పళ్ళ గాట్లు పదేపదే ముఖం దగ్గర, నుదుటి దగ్గర కనిపిస్తాయి. పెరూ శాస్త్రవేత్త ఆల్డో బెనిటెస్ పలోమినో, ఆయన సహచరులు 2022లో దీన్ని వివరించారు. స్పెర్మ్ వేల్ తల ముందు భాగమంతా కొవ్వు, నూనె, బలమైన ఆహారం. రకరకాల సొరలు ఆ కొవ్వు కోసమే ఆ చోటికి చేరేవి, చాలావరకు చచ్చిన కళేబరాల మీద. అంటే అక్కడ మనకు కనిపిస్తున్నది కొవ్వు పీక్కుతిన్న ఆనవాలు. దాన్ని రణరంగమనడం సొరలకే వింతగా తోస్తుంది.

లివ్యాటన్ వేట జంతువు కాదని నేననను. దాని రెండు దవడల్లోనూ బలమైన పళ్ళున్నాయి, దవడను మూసే కండరాలకు పుర్రెలో విశాలమైన చోటుంది. ఏడు నుంచి పది మీటర్ల తిమింగలాలను కొరికి చీల్చి తినేదని దాన్ని వర్ణించినవారే అంచనా వేశారు. అది నమ్మదగిన అంచనా. నా తగాదా వేట గురించి కాదు, చావు గురించి.

కాలం లెక్క చూడండి. కొరికి తినే స్పెర్మ్ వేల్‌లు కోటీ నలభై, కోటీ యాభై లక్షల ఏళ్ళ కిందటికే ఉన్నాయి. మెగాలొడాన్ కూడా అప్పటికే ఉంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గర బ్యూమారిస్ తీరంలో 2016లో ఒక ఔత్సాహికుడికి 30 సెంటీమీటర్ల పన్ను దొరికింది. అదీ ఈ కోవ తిమింగలానిదే, సుమారు 50 లక్షల ఏళ్ళ నాటిది. ఒకే లోకపు సముద్రాల్లో సుమారు కోటి ఏళ్ళపాటు రెండూ కలిసి బతికాయన్నమాట. కోటి ఏళ్ళు సాగిన సహజీవనానికి యుద్ధమని పేరు పెట్టడం ఏం తర్కం? పోనీ తిమింగలం ముందు పోయింది కాబట్టి సొర గెలిచిందనుకుందాం. ఆ గెలిచిన సొర ఏమైంది? 2019 నాటి లెక్క ప్రకారం సుమారు 36 లక్షల ఏళ్ళ కిందట అదీ కనుమరుగైంది. దాన్ని ఎవరు ఓడించారు?

ఇంకో సంగతి. పోయింది లివ్యాటన్ ఒక్కటే కాదు. పెరూలోనే నాలుగు మీటర్ల అక్రోఫైసెటర్ ఉండేది. ఇటలీలో ఏడు మీటర్ల జైగోఫైసెటర్, జపాన్‌లో బ్రిగ్మోఫైసెటర్, కాలిఫోర్నియాలో అల్బిసీటస్ ఉండేవి. చిన్నవీ పెద్దవీ, వేరు వేరు సముద్రాల్లో, వేరు వేరు తిండికి అలవాటు పడినవన్నీ పోయాయి. ఇన్ని చోట్ల ఇన్ని సైజుల జంతువులను ఒక్క సొర ఏరి ఏరి చంపిందంటే నమ్మడానికి మనకు ఫోను తప్ప వేరే ఆధారం ఉండకూడదు.

శాస్త్రవేత్తలు చూపే దారి వేరు. ఆ కాలంలో సముద్రాల్లో చిన్న, మధ్యతరహా జల్లెడ నోటి తిమింగలాలు ఎన్నో రకాలుండేవి. పళ్ళకు బదులు నోట్లో వేలాడే కుచ్చులతో నీటిని వడగట్టుకుని చిన్న జీవులను తినే రకాలివి. లివ్యాటన్‌కు ఇవే కూడు. సముద్రాలు చల్లబడుతూ వచ్చాయి. ఆ మధ్యతరహా రకాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. తరవాతి కాలంలో, ముఖ్యంగా గత 30 లక్షల ఏళ్ళుగా, నిలిచిన జల్లెడ నోటి తిమింగలాలు బాగా పెద్దవయ్యాయి; మేత ఏడాదిలో కొన్ని నెలలే, కొన్ని చోట్లే దొరికే సముద్రంలో దూరాలు ఈదగల పెద్ద ఒళ్ళు పనికొచ్చింది. ఇంత మార్పు మధ్య, మధ్యతరహా తిమింగలాల మీదే బతకడం నేర్చిన జంతువుకు నోటి నిండా పళ్ళుండి ఏం లాభం? ఉద్దానం తీరంలో ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. డొంకూరు, బారువ లాంటి ఊళ్ళున్న ఈ తీరం నుంచి ఏటా మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళ్ళి అక్కడి బోట్లలో వేట చేస్తున్నారంటే, వాళ్ళ రెక్కల్లో బలం తగ్గి వెళ్ళారా? ఇక్కడి వేటతో ఇల్లు గడవక వెళ్ళారు. మనిషికి రైలుంది, ఎక్కి వెళ్ళాడు. లివ్యాటన్ వెళ్ళడానికి మిగిలిన చోటు లేకపోయింది.

కొందరు ఓర్కాలనే నేటి వేట తిమింగలాలను తెచ్చి, సొర కాకపోతే ఇవే దాని చోటు లాక్కున్నాయంటారు. ఇటలీలో దొరికిన తొలి ఓర్కా శిలాజం నాలుగు మీటర్లది, చేపలు తినే రకం కావచ్చని అంచనా. అది లివ్యాటన్‌ను తోసేసిందనడం హాస్యం.

ఇప్పుడు మర్యాదస్తుల వాదం అసలు ముడి విప్పుదాం. స్పెర్మ్ వేల్ కుటుంబంలో ఎవరు నిలిచారు? పై దవడలో పనికొచ్చే పన్ను ఒక్కటీ లేనిది నిలిచింది. నేటి స్పెర్మ్ వేల్‌కు కింది దవడలోనే పళ్ళు. ఒక్కో పక్కన ఇరవైకి పైగా ఉన్నా తిండికి వాటి అవసరం అంతంతమాత్రం. పళ్ళు మొలవక ముందే పిల్లలు స్క్విడ్‌లు తినడం మొదలుపెడతాయి. కింది దవడ విరిగి వంకరపోయిన స్పెర్మ్ వేల్‌లు కూడా వేటగాళ్ళకు నిండుగా తిని బలిసి దొరికిన సందర్భాలున్నాయి. ఎరను నోట్లోకి పీల్చుకోవడం దాని పద్ధతి. వెయ్యి మీటర్ల లోతుకు దిగుతుంది, ముప్పావు గంట ఊపిరి బిగబడుతుంది, చీకట్లో టకటకమనే శబ్దాలు పంపి వాటి ప్రతిధ్వనితో ఎరను పట్టుకుంటుంది. సుమారు ఎనిమిది కిలోలు తూగే దాని మెదడు జంతులోకంలోనే పెద్దది. పాత వీరుడి వంశంలో పుట్టిన పళ్ళూడిన వారసుడు అన్నట్టు దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఒక్క సంగతి గమనించాలి: కోరలున్న అన్నదమ్ములంతా పోయాక మిగిలినవి ఇలాంటివే. పళ్ళు వదులుకున్నదే బతికింది.

స్పెర్మ్ వేల్ నుదుట్లోని నూనె తిత్తి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అది లోతుకు దిగి స్క్విడ్‌లు పట్టడం కోసమే పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. లివ్యాటన్ పుర్రె పైన పెద్ద గుంట ఉంది, అంటే దానికీ ఆ తిత్తి ఉండేది. అది స్క్విడ్‌లు పీల్చే జంతువు కాదు కదా! కాబట్టి తిత్తి ముందు వచ్చింది, లోతుల వేట తరవాత వచ్చింది. ఆ పుర్రె నేర్పిన అసలు పాఠాల్లో ఇదొకటి. లక్షల మంది చూసే వీడియోల్లో దీనికి పది సెకన్లు దక్కవు.

ఇంకా బతికే ఉందేమో అన్న అనుమానానికి ఎక్కువ మాటలు దండగ. తిమింగలం చేప కాదు, గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. 20వ శతాబ్దంలో తిమింగలాల వేట నౌకలు దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపాయి. అందులో సుమారు 7.6 లక్షలు స్పెర్మ్ వేల్‌లే. అన్ని మహాసముద్రాల్లోనూ, అన్ని రుతువుల్లోనూ, సోనార్లతో, విమానాలతో వెతికి మరీ చంపారు. పై దవడలో జానెడున్నర పళ్ళున్నది ఒక్కటీ పడలేదు. అంతకంటే పెద్ద గాలింపు ఎవరు చేయగలరు?

ఎక్కడో పెరూ ఎముకల గోల మనకెందుకనేవాళ్ళకూ ఒక జవాబు బాకీ ఉంది. నిజమే, మన దగ్గర లివ్యాటన్ దొరకదు. మహేంద్రగిరి వేపు మన కొండల్లోని ఖోండలైట్, చార్నొకైట్ రాళ్ళు సుమారు వంద కోట్ల ఏళ్ళ నాటివి, తిమింగలాలకు మరీ ముందువి. తీరంలోని ఇసుక, ఒండ్రు మరీ కొత్తవి. మధ్య కాలపు సముద్రపు మట్టి బంగాళాఖాతం అడుగున, గంగా బ్రహ్మపుత్రలు తెచ్చి పోసిన మేట కింద ఉంది. కానీ తిమింగలాల పుట్టిల్లు మన ఉపఖండమే. జమ్మూ ప్రాంతంలోని కాలకోట్‌లో భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్ళలో దొరికిన ఇండోహయస్, దాదాపు 4.8 కోట్ల ఏళ్ళ నాటి చిన్న గిట్టల జంతువు, తిమింగలాలకు అతి దగ్గరి బంధువని 2007లో తేలింది. దాన్ని పట్టించింది కోర కాదు, చెవి ఎముక. ఆయన పోయాక ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న ఆ రాళ్ళను శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె విరిగి, చెవి గూడు బయటపడటం వల్ల దొరికిన సాక్ష్యమది. పిల్లలకు చెప్పడానికి కథే కావాలంటే ఇంతకన్నా మంచిదేముంది? ఇందులో కుస్తీ లేదు, అంతే లోటు.

రాక్షస కథ చేసే నష్టం మన తీరంలోనే కనిపిస్తుంది. 2023 జూలైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒక తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. నీలి తిమింగలమని, సుమారు 25 అడుగులని, ఐదు టన్నులని వార్తలొచ్చాయి. భారీ తిమింగలమన్నారు. నీలి తిమింగలం పిల్ల పుట్టేటప్పటికే 23 అడుగులుంటుంది. కాబట్టి వార్త నిజమైతే అక్కడ పడి ఉన్నది పాలు తాగే పసికూన. నీలిది కాకపోతే మరేదో చిన్న రకం. ఈ రెంటిలో ఏదన్న ప్రశ్న కళేబరంతో పాటే ఇసుకలో పూడిపోకూడదు. పసికూన అయితే తల్లి ఏమైంది, ఓడ తగిలిందా, వల చుట్టుకుందా అని అడగాలి. అదే మండలంలో మూలపేట ఓడరేవు కడుతున్నారు. ఓడలు ఢీకొని తిమింగలాలు చావడం ప్రపంచమంతా నమోదైన సంగతి. భూతాన్ని చూడటానికి వచ్చిన కళ్ళకు ఈ ప్రశ్న తోచదు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరముంది, మళ్ళీ ఏదో ఒకటి ఒడ్డుకు రాక మానదు. జాలరి పేటల యువకులకూ, మండల విలేకరులకూ, హైస్కూలు సైన్సు మాస్టార్లకూ నా విన్నపం ఇది. ముక్కు నుంచి తోక చీలిక దాకా టేపు పట్టి కొలవండి. నోరు తెరిచి ఉంటే పై దవడలో కుచ్చులున్నాయా, పళ్ళున్నాయా, రెండూ లేవా చూసి ఫొటో తీయండి. ఒంటి మీద వల తాడు ఒరుసుకున్న గీత గానీ, ఓడ పంకా కోసిన గాటు గానీ ఉంటే పక్కన స్కేలు పెట్టి మరో ఫొటో తీయండి. ముక్కలు కోయొద్దు, పన్ను పీకొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఆ కొలతలు, ఫొటోలు అదే రోజు అటవీశాఖ వారికి అందజేయండి.